గాజును కత్తిరించవచ్చునా?

మన భాషలో ‘పారదర్శకం’ అనే మాట ఒకటి ఉన్నది. సంస్కృతంలో ‘పారం’ అంటే ఆవలి ఒడ్డు, ‘దర్శకం’ అంటే చూపించేది. ఈవలి గట్టున నిలిచిన వానికి ఆవలి గట్టును చూపగలిగినదే పారదర్శకం. ఉర్దూలో ఇదే అర్థానికి ‘షఫ్ఫాఫ్’ అనే మాట వాడుతారు. ఈ రెండు పదాలను నల్లబల్లపై పక్కపక్కన వ్రాసి విద్యార్థులకు వివరించిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నవి. అయినప్పటికీ ఆ వ్యుత్పత్తిలో దాగియున్న శాస్త్రసత్యం నాకు తరగతి గదిలో బోధపడలేదు. పత్తర్‌గట్టీలోని ఒక చిన్న అత్తరు దుకాణంలో బోధపడినది.

మా కళాశాలలో బి.ఏ. చదువుతున్న ఒక విద్యార్థి తండ్రిగారు అత్తరు వ్యాపారులు. తమ సరుకుల ధరల పట్టికను ఉర్దూ, తెలుగు భాషలలో అచ్చు వేయించదలచి, తెలుగు భాగం వ్రాసి ఇవ్వవలసిందిగా కుమారుని ద్వారా నన్ను కోరినారు. కళాశాల సంచిక పుటలను సిద్ధం చేసే పనిలో ఫోటోషాప్ నాకు కొంత అలవడి ఉన్నందున, సీసాల ఫోటోలను కూడ నేనే సరిచేసి ఇస్తానని మాట ఇచ్చాను. దుకాణంలోనే తీసిన ఇరవై ఫోటోలను ముందు పెట్టుకొని, రెండు రాత్రులు కూర్చుని, ప్రతి సీసా అంచు వెంట గీత గీసి, కత్తిరించి, తెల్లని పుటపై అమర్చాను. అంచులు నున్నగా వచ్చినవి. పని చక్కగా కుదిరినదనే సంతోషించాను.

పట్టిక పంచిన కొద్ది రోజులకే చిక్కు వచ్చినది. ఒక పాత ఖాతాదారు పట్టికలోని వరుస సంఖ్య చెప్పి రెండు తులాల అత్తరు తెప్పించుకొని, వెంటనే తిప్పి పంపినాడు. ఆయన చూసిన బొమ్మలో అత్తరు ఆకుపచ్చగా ఉన్నది. వట్టివేళ్ల నుండి తీసే ఖస్ అత్తరు పచ్చగా ఉండటం మామూలు కనుక, పేరు చదవకుండా అదేనని ఆయన అనుకున్నాడు. అందినది మాత్రం లేత పసుపు రంగులోని మల్లె అత్తరు. దుకాణం గోడకు ఆకుపచ్చ రంగు వేసి ఉన్నదన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చినది. ఆ పెద్దమనిషి నన్ను నిందించలేదు. పట్టికను నా చేతిలో పెట్టి, ‘లెక్చరర్ సాబ్, సీసా బాగానే వచ్చినది. కాని సీసాలో మా అత్తరు లేదు, మా గోడ ఉన్నది’ అని మాత్రం అన్నారు.

నేను చేసిన తప్పేమిటో తెలుసుకొనే ప్రయత్నంలో నేర్చుకున్న విషయాలనే ఈ వ్యాసంలో విద్యార్థుల ముందుంచుతున్నాను. ఫోటో స్టూడియోలలోను, ఇంటి వద్దనే కంప్యూటర్‌పైన పని చేసి చదువు ఖర్చులు సంపాదించుకొనే విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. వారికిది అక్కరకు రాగలదు.

కత్తెర ఎందుకు పనికిరాదు?

ఒక ఇటుక ఫోటోను తీసుకొనండి. ఇటుక అంచు వెంట కత్తిరించి వేరొక చోట అతికిస్తే అది అక్కడ కూడ ఇటుకగానే ఉంటుంది. ఎందుకనగా ఇటుక ఆక్రమించిన చోట ఫోటోలో ఇటుక తప్ప మరేమీ లేదు. ప్రతి బిందువును గురించి మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది లోపలిదా, వెలుపలిదా?

గాజు విషయంలో ఈ ప్రశ్నే తప్పు. గాజు సీసా మధ్యనున్న ఒక బిందువు సీసాకు చెందినదా, గోడకు చెందినదా అని అడిగితే, రెండింటికీ చెందినదని చెప్పవలసి ఉంటుంది. అక్కడి రంగులో కొంత గాజుది, కొంత అత్తరుది, మిగిలినది వెనుకనున్న గోడది. ఈ మూడూ కెమెరాలోనే కలిసిపోయి ఒకే రంగుగా నమోదైనవి. అంచు వెంట ఎంత నేర్పుగా కత్తిరించినా, అంచు లోపల కలిసిపోయిన గోడ మనతోనే వస్తుంది. కావున ఇక్కడ చేయవలసినది పాలనూ నీటినీ వేరు చేయడం వంటి పని.

గాజుపై పడిన వెలుగు ఏమవుతుంది?

గాజుపై పడిన వెలుగులో కొంత దాని ఉపరితలం నుండి వెనుకకు మళ్లుతుంది. ఇది పరావర్తనం. సాధారణమైన గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5. అటువంటి గాజుపై వెలుగు నిటారుగా పడినప్పుడు ఒక్కొక్క తలం వద్ద దాదాపు 4 శాతం మాత్రమే వెనుకకు మళ్లుతుంది. వాలుగా పడిన కొద్దీ ఈ భాగం పెరుగుతూ, అంచును ఒరుసుకొని పోయే వెలుగు దాదాపు అంతా వెనుకకే మళ్లుతుంది. సీసా నడుమ భాగం కంటికి ఆనకపోయినా అంచులు స్పష్టంగా కనబడడానికి ఇది ఒక ముఖ్య కారణం. సీసా భుజం మీద తళుక్కుమనే తెల్లని మెరుపు కూడ పరావర్తనమే.

లోపలికి పోయిన వెలుగులో కొంత భాగాన్ని రంగుగల పదార్థం మింగివేస్తుంది. ఇది శోషణ. మల్లె అత్తరు నీలి వెలుగును కొంత మింగి తక్కిన దానిని విడిచిపెడుతుంది గనుకనే మనకు పసుపుగా తోచుచున్నది. అనగా అత్తరు రంగు దాని గుండా వచ్చిన వెలుగులోనే తెలుస్తుంది. వెనుకనున్న గోడ తెల్లనిదైతే అసలు రంగు కనబడుతుంది. గోడ పచ్చనిదైతే రెండు రంగులూ కలిసి మూడవది పుడుతుంది.

మిగిలిన వెలుగు ఆవలికి పోతుంది. అయితే తిన్నగా పోదు, వంగి పోతుంది. ఇది వక్రీభవనం. బాగ్దాదు నగరానికి సంబంధించిన ఇబ్న్ సహల్ అనే గణితవేత్త క్రీ.శ. 984 ప్రాంతంలోనే ఈ వంపుకు సంబంధించిన నియమాన్ని రేఖాగణిత రూపంలో వ్రాసి ఉంచాడు. ఐరోపాలో దానిని స్నెల్ 1621లో కనుగొన్నాడు. ఇబ్న్ సహల్ తరువాతి తరంలో బస్రాలో జన్మించి కైరోలో పని చేసిన ఇబ్న్ అల్ హైథమ్ తన ‘కితాబ్ అల్ మనాజిర్’ అనే దృక్‌శాస్త్ర గ్రంథంలో పారదర్శక వస్తువులను గూర్చి విపులంగా చర్చించాడు.

ఈ పనులలో మొదటి రెండింటిని ఫోటోషాప్ వంటి సాధనాలు సులభంగా లెక్కకట్టగలవు. మూడవదైన వంపే కష్టమైనది. దానిని చివరకు చూద్దాము.

‘ఆల్ఫా’ అనే రాశి

చలనచిత్రాలలో ఈ సమస్య కంప్యూటర్లకు ముందే వచ్చినది. నటులను నీలి తెర ముందు నిలిపి చిత్రించి, ఆ నీలిని తొలగించి వేరే దృశ్యాన్ని చేర్చే పద్ధతిలో వెంట్రుకలు, పొగ, గాజు పెద్ద ఆటంకాలుగా ఉండేవి. పెట్రో వ్లాహోస్ అనే సాంకేతిక నిపుణుడు నీలి, ఆకుపచ్చ రంగుల భేదాన్ని ఆధారం చేసుకొని ఈ చిక్కును చాలా వరకు విడదీశాడు. 1959లో విడుదలైన ‘బెన్ హర్’ చిత్రంలో ఆ పద్ధతి ఉపయోగపడినది.

కంప్యూటర్ యుగం వచ్చిన తరువాత, 1970వ దశకం చివరి సంవత్సరాలలో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ అనువారు ప్రతి బిందువుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలి విలువలతోపాటు నాలుగవ విలువ ఒకటి చేర్చినారు. ఆ బిందువు తన వెనుకనున్న దానిని ఎంత మేరకు కప్పుచున్నదో చెప్పే విలువ అది. దానికి ‘ఆల్ఫా’ అని పేరు. ఆల్ఫా 1 అయితే ఇటుక. 0 అయితే శూన్యం. నడుమనున్నవన్నీ గాజు, పొగ, పలుచని వస్త్రం. ఇట్టి చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చే నియమాలను థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో క్రమబద్ధం చేసినారు.

నేడు ఫోటోషాప్‌లో ‘లేయర్ మాస్క్’ అని పిలిచే పొరలో జరిగేది కూడ ఇదే. మాస్క్ తెల్లగా ఉన్న చోట బొమ్మ నిలుస్తుంది, నల్లగా ఉన్న చోట మాయమవుతుంది, బూడిద రంగు ఉన్న చోట సగంసగంగా కనబడుతుంది.

ఒక సమీకరణం, రెండు అజ్ఞాత రాశులు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఒక ఫోటో నుండి ఈ విలువలను తిరిగి రాబట్టగలమా? చిన్న లెక్కతో చూద్దాము. కంప్యూటర్‌లో వెలుగు 0 నుండి 255 వరకు ఉంటుంది. 0 నలుపు, 255 తెలుపు. తెల్లని గోడ ముందు ఉంచిన సీసాలో ఒక బిందువు విలువ 204 అనుకొందాము. దీనికి రెండు కారణాలు చెప్పవచ్చును. గాజు వెనుకనున్న వెలుగులో 80 శాతాన్ని ప్రసరింపజేసి, తనదంటూ ఏమీ చేర్చి ఉండకపోవచ్చును: 255లో 80 శాతం 204. లేదా 60 శాతం, అనగా 153 మాత్రమే ప్రసరింపజేసి, తన మెరుపుగా 51 చేర్చి ఉండవచ్చును: అదీ 204. రెండూ సరియైన సమాధానాలే. అయితే ఇదే సీసాను 100 విలువగల బూడిద రంగు పుటపైకి మార్చినప్పుడు మొదటి లెక్క ప్రకారం 80, రెండవ లెక్క ప్రకారం 111 రావలసి ఉంటుంది. ఏది నిజమో ఒక్క ఫోటో చెప్పలేదు. సమీకరణం ఒకటే ఉండి అజ్ఞాత రాశులు రెండు ఉంటే సమాధానం రాదని పాఠశాలలోనే నేర్చుకున్నాము కదా!

అయితే రెండవ సమీకరణాన్ని తెచ్చుకోవచ్చును. అదే సీసాను, కెమెరాను కదలించకుండా, నల్లని వస్త్రం ముందు మరొక ఫోటో తీస్తే చాలు. నలుపు నుండి వెలుగు రాదు గనుక అక్కడ కనబడేదంతా గాజు సొంత మెరుపే. ఆ బిందువు విలువ 0 అయితే మొదటి లెక్క నిజం. 51 అయితే రెండవది నిజం. భిన్నమైన రెండు నేపథ్యాలు ఉంటే సమాధానం నిశ్చయంగా లభిస్తుందని ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ 1996లో గణితపరంగా నిరూపించినారు.

ఆచరణ

ఈ పద్ధతికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కెమెరాను లేక ఫోన్‌ను స్టాండుపై బిగించవలెను. వెలుగు, ఫోకస్, ఎక్స్‌పోజర్ స్థిరంగా ఉంచవలెను. దీపాలను పక్కల నుండి అమర్చి, సీసాకు కొంత దూరంలో మొదట తెల్లని అట్ట, తరువాత నల్లని వస్త్రం ఉంచి రెండు ఫోటోలు తీయవలెను. తెల్లని అట్టపై వెలుగు చక్కగా, సమంగా పడవలెను. నడుమ సీసా వెంట్రుకవాసి కూడ కదలరాదు.

కంప్యూటర్‌లో తెల్ల ఫోటోను నల్ల ఫోటోపై ఉంచి, పై పొరకు ‘డిఫరెన్స్’ అనే పద్ధతిని ఎంచుకొని రెండింటిని కలిపివేయవలెను. రెండు ఫోటోల మధ్య తేడాయే సీసా గుండా వచ్చిన వెలుగు. దీనిని ప్రసార పటం అందాము. తరువాత మూడు అంతస్తులు కట్టవలెను. అడుగున కొత్త నేపథ్యం. దానిపై ప్రసార పటాన్ని ‘మల్టిప్లై’ పద్ధతిలో ఉంచవలెను. మల్టిప్లై అనగా గుణించడం. తెలుపు ఉన్న చోట కింది రంగు యథాతథంగా కనబడుతుంది, రంగున్న చోట ఆ మేరకు మారుతుంది. అన్నిటికన్న పైన నల్ల ఫోటోను ‘స్క్రీన్’ పద్ధతిలో ఉంచవలెను. స్క్రీన్‌లో నలుపు మాయమై మెరుపులు మాత్రమే మిగులుతవి.

ఇంతటితో సీసా కొత్త చోట నిలుస్తుంది. ఆశ్చర్యమేమనగా, ఈ పనిలో ఎక్కడా కత్తెర వాడలేదు. సీసా వెలుపల తేడా పూర్తిగా తెలుపు, నల్ల ఫోటో పూర్తిగా నలుపు. కనుక అక్కడ ఏ మార్పూ ఉండదు. అసలు వస్త్రం పూర్తి నలుపు కాకపోవడం, అట్ట పూర్తి తెలుపు కాకపోవడం అనుభవంలో జరుగుతుంది గనుక, సీసా చుట్టూ పెన్ టూల్‌తో ఒక గీత గీసి వెలుపలి మసకను తుడిచివేయడం మంచిది. కెమెరా ఇచ్చే అంకెలు వెలుగు పరిమాణానికి సరిగ్గా అనులోమంగా ఉండవు. కావున చివర కంటితో చూసి కొద్దిగా సవరించుకొనవలెను.

ఒకే ఫోటో ఉన్నప్పుడు కొంత ఊహ తప్పదు. ఫోటో తెల్లని నేపథ్యంలో తీసినదైతే సీసాను గీత వెంట వేరు చేసి, మల్టిప్లైలో ఉంచి, పోయిన మెరుపులను మరొక పొరపై తెలుపుతో తిరిగి దిద్దవలెను. మూత, కాగితపు చీటీ, బంగారు పూత వంటి అపారదర్శక భాగాలను ప్రత్యేకమైన పొరపై పూర్తి గట్టిదనంతో నిలపవలెను. ఈ పొరపాటు వల్లనే చాలా బొమ్మలలో మూత గుండా కూడ గోడ కనబడుతూ ఉంటుంది. పొరలు కలిపిన తరువాత పారదర్శకత నిలవాలంటే బొమ్మను పి.ఎన్.జి. రూపంలో భద్రపరచవలెను, జె.పి.ఇ.జి. రూపంలో ఆల్ఫాకు తావు లేదు.

వంగిన వెలుగు

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ వెలుగు తిన్నగా వస్తుందని భావించి చేసినవి. నిండు సీసా వెనుక కొంత దూరంలో ఒక పుస్తకం ఉంచి చూడండి. అక్షరాలు కుడియెడమలు తారుమారై కనబడుతవి. నిండిన గుండ్రని సీసా ఒక కటకంగా పని చేస్తుంది. ఈ తారుమారును ఆల్ఫా చెప్పలేదు. 1999లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ జాంగ్కర్ ప్రభృతులు వస్తువు వెనుక చారల నమూనాలను ఒకదాని తరువాత ఒకటి చూపుతూ అనేక ఫోటోలు తీసి, ఏ బిందువు నేపథ్యంలోని ఏ భాగాన్ని చూపుచున్నదో కనుగొనే పద్ధతిని ప్రకటించినారు. మనవంటి వారికి సులభమైన ఉపాయం వేరొకటి ఉన్నది. కొత్త నేపథ్యంలోని కొంత భాగాన్ని నకలు తీసి, కుడియెడమలు తిప్పి, సీసా లోపలికి మాత్రమే పరిమితం చేసి, కొద్దిగా మసకబరిస్తే కన్ను ఒప్పుకుంటుంది. నేపథ్యం ఒకే రంగుదైతే ఈ శ్రమ కూడ అక్కరలేదు.

కళ్లద్దాలు, జాలీ దుపట్టా

స్టూడియోలో పని చేసే విద్యార్థులకు సీసాల కంటె ఇవి ఎక్కువగా ఎదురవుతవి. దూరపు చూపు తక్కువైన వారి కళ్లద్దాల గుండా చూస్తే చెంప అంచు లోపలికి జరిగినట్లు కనబడుతుంది. ఆ సందులో వెనుక గోడ కనబడుతుంది. ముఖాన్ని కత్తిరించినప్పుడు ఆ చిన్న గోడముక్క అద్దంలోనే మిగిలిపోతుంది. దానిని వేరుగా గుర్తించి కొత్త నేపథ్యపు రంగుతో నింపవలెను. చెంపను చాచి ఆ సందును పూడ్చరాదు. అట్లు చేస్తే మనిషి పోలికే మారిపోతుంది. ఇక పెళ్లికూతురి జాలీ దుపట్టాలో పారదర్శకత వేరు విధమైనది. దారం గట్టిదే, దారాల నడుమనున్న రంధ్రాల గుండానే వెనుకది కనబడుచున్నది. అక్కడ వెలుగు వంగదు గనుక ఆల్ఫా ఒక్కటే చాలును.

నేడు ఒక్క మీట నొక్కితే నేపథ్యాన్ని తొలగించే కృత్రిమ మేధ సాధనాలు వచ్చినవి. అంచు గీయడంలో అవి మనకన్న నేర్పరులు. కాని ఒక్క ఫోటోతో పని చేసేటప్పుడు వాటికి కూడ సమీకరణం ఒకటే, అజ్ఞాతాలు రెండే. తెలియని దానిని అవి ఊహించి పూరిస్తవి. ఊహ అందంగా ఉండవచ్చును. నిజమని పూచీ లేదు. ఫోటోషాప్ కొనలేని వారు గింప్ అనే ఉచిత సాధనాన్ని వాడవచ్చును. పై పద్ధతులన్నీ అందులోనూ ఉన్నవి. దానిని 1995లో ప్రారంభించినవారు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులే. ఈ సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ఇరవై సీసాలకు నలభై ఫోటోలు మళ్లీ తీశాము. విద్యార్థి తెల్లని అట్ట పట్టుకొన్నాడు. నల్లని వస్త్రం వారి ఇంటి నుండే వచ్చినది. బొమ్మలు సిద్ధమైన తరువాత వాటిని ముదురు ఎరుపు మఖమల్ నేపథ్యంపై పెడితే శోభాయమానంగా ఉంటుందని నాకు తోచినది. పెట్టి చూశాను కూడ. నిజంగానే అందంగా ఉన్నది. కాని ఖస్, మల్లె రెండూ ఒకే నల్లని ఎరుపులో మునిగిపోయినవి. ఆవలి ఒడ్డు ఎరుపైతే సీసా చూపగలిగినది ఎరుపునే. కనుక తెల్లని పుటనే ఉంచాము. దుకాణదారుగారు మల్లె అత్తరు సీసాను బొమ్మ పక్కన నిలిపి, చాలాసేపు చూసి, ‘ఇప్పుడు ఇది మా సరుకే’ అన్నారు. కొనేవానికి వస్తువు రంగును ఉన్నది ఉన్నట్లు చూపడం వర్తకుని ధర్మం. ఆ బొమ్మను దిద్దే వానికి కూడ ఆ ధర్మంలో పాలు ఉన్నదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మన విద్యార్థులు ముందే తెలుసుకోవలెనని నా కోరిక.